జ్యామితి పరిశోధన: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ విద్యార్థులకు ఎదురయ్యే అపోహలు

అపోహ: జ్యామితి యూక్లిడ్‌తోనే పూర్తయింది.

తనను తాను ఖండించుకోని మూసిన గీత ఏది గీసినా, దాని మీద ఒక చతురస్రపు నాలుగు మూలలూ దొరుకుతాయా? 1911లో గణితజ్ఞుడు టోప్లిట్జ్ వేసిన ప్రశ్న ఇది. గీత ఎక్కడా తెగకూడదన్న ఒక్క షరతే పెడితే ఇప్పటికీ తేలలేదు. నునుపైన గీతలకైతే, ఏ నిష్పత్తి దీర్ఘచతురస్రమైనా దొరుకుతుందని 2020లో గణితజ్ఞులు గ్రీన్, లాబ్ నిరూపించారు.

అపోహ: త్రిభుజ కోణాల మొత్తం ఎక్కడైనా 180 డిగ్రీలే.

సమతలం మీద మాత్రమే. గోళం మీద మొత్తం పెరుగుతుంది. పెరుగుదల ఎంతో రేడియన్లలో కావాలంటే వైశాల్యాన్ని వ్యాసార్థపు వర్గంతో భాగించాలి. మన ఒడిశా అంత, అంటే 1,55,707 చ.కి.మీ. త్రిభుజాన్ని భూమి మీద మహావృత్త చాపాలతో (భూకేంద్రమే కేంద్రంగా ఉన్న వృత్తాల ముక్కలతో) గీశామనుకోండి. వ్యాసార్థం 6,371 కి.మీ. కోణాల మొత్తం సుమారు 13 నిమిషాలు (డిగ్రీకి 60 నిమిషాలు) ఎక్కువొస్తుంది. డిగ్రీలో ఐదో వంతు దాటింది!

అపోహ: పరిశోధనకు ముందు పెద్ద సమస్య ఎంచుకోవాలి.

ముందు లెక్క చేతికి రావాలి. లీనియర్ ఆల్జీబ్రా, బహుచరరాశుల కలనం వచ్చిన విద్యార్థికి మొదట ఇవ్వాల్సింది గారె ఆకారం, టోరస్. పెద్ద వ్యాసార్థం (చిల్లు మధ్య నుంచి గొట్టం మధ్యకు) 3, చిన్నది (గొట్టానిది) 1 తీసుకోండి. గొట్టం చుట్టూ బయటి అంచు నుంచి కోణం థీటా అయితే, గాసియన్ వక్రత (ఆ బిందువు దగ్గర తలం అత్యధికంగా, అత్యల్పంగా వంగే రెండు వక్రతల లబ్ధం) = కాస్ థీటా ÷ (3 + కాస్ థీటా). బయటి అంచున 1/4, పైన 0, చిల్లు వైపు −1/2. గారె మొత్తం మీద కలిపితే సున్నా రావాలి. చాలామందికి రాదు, ఎందుకంటే సమాకలనంలో వైశాల్య గుణకం (3 + కాస్ థీటా) వదిలేస్తారు. అది పెడితే హారం కొట్టుకుపోయి కాస్ థీటా ఒక్కటే మిగులుతుంది. తలానికి లంబ దిశను లోపలికి బదులు బయటికి తిప్పితే వక్రత గుర్తు మారుతుందని ఇంకొందరు భయపడతారు. ఆ రెండు వక్రతల సగటుకు, అంటే సగటు వక్రతకు, మారుతుంది. గాసియన్ వక్రత వాటి లబ్ధం, మారదు.

మార్గదర్శకులు విద్యార్థిని వారానికో గంట నోట్సు లేకుండా బోర్డు దగ్గర నిలబెట్టాలి. సిద్ధాంతంలో ఒక షరతు తీసేయించి, ఎక్కడ కూలుతుందో ఉదాహరణతో చూపించమనాలి. చదివినది అర్థమైందో లేదో అక్కడే బయటపడుతుంది.

అపోహ: బడి ఒడియాలో, ఇల్లు తెలుగులో అయితే ఇంగ్లీషు గణితం ఎక్కదు.

నిర్వచనాన్ని ముందు తెలుగులో చెప్పించండి. ఎప్సిలాన్ (ప్రమేయం విలువలో అనుమతించే తేడా) ఇచ్చాక, "ప్రతి బిందువుకీ ఒక డెల్టా (ఆ తేడా దాటకుండా బిందువు నుంచి జరగగల దూరం) ఉంది" అంటే అవిచ్ఛిన్నత. "అన్ని బిందువులకీ ఒకే డెల్టా ఉంది" అంటే ఏకరూప అవిచ్ఛిన్నత. ఇంగ్లీషు పుస్తకంలో పదాల క్రమం చూసి పట్టుకోవాల్సిన తేడా మనకు "ఒక", "ఒకే" మధ్య ఒక్క ఏత్వంలో వినిపిస్తుంది. వాస్తవ రేఖ మొత్తం మీద ఎక్స్ వర్గం తీసుకుంటే, మొదటిది నిజం, రెండోది కాదు.