వానల్లో, చలిలో రోడ్ బైక్ టైర్లు: అపోహలు - వాస్తవాలు

అక్టోబరు వచ్చిందంటే బెజవాడలో మా సైకిల్ షాపుకి వచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే మాట. "అన్నా, వానలు పడుతున్నాయి, ఈ గుండు టైర్లు తీసేసి గ్రిప్ ఉన్నవి వెయ్యి." చూస్తే ఆ టైర్లు సగం కూడా అరిగి ఉండవు. నున్నటి టైరు తడిలో జారుతుందని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారట. ఈ పుకారు వల్ల డబ్బూ పోతోంది, మోచేతులూ మోకాళ్లూ గీరుకుపోతున్నాయి. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: తడి రోడ్డు మీద గాట్లున్న టైరే పట్టు ఇస్తుంది.

వాస్తవం: తారు రోడ్డు మీద గాట్లు కారుకి కావాలి, రోడ్ బైక్‌కి, అంటే సన్న టైర్ల సైకిల్‌కి, అక్కర్లేదు. కారు టైరు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. వేగంలో కింది నీళ్లకి పక్కకి పోయే దారి లేకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది. గాట్లు ఆ నీళ్లకి దారి. మన టైరు 25, 28 మిల్లీమీటర్లు, గుండ్రంగా ఉంటుంది, లోపల గాలి ఒత్తిడి కారుకి రెండింతల పైనే. నీటిని చీల్చుకుని రోడ్డుని తాకుతుంది. 1963లో నాసా వాళ్లు విమానం టైర్ల మీద పరిశోధించి ఒక సూత్రం ఇచ్చారు. టైరు ఏ వేగంలో తేలుతుందనేది అందులోని గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. 80 పీఎస్ఐకి (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క ఇది) లెక్కేస్తే గంటకు 150 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఎంత తొక్కినా అందులో సగం కూడా రాదు.

పైగా గాటు ఉన్న చోట రబ్బరు రోడ్డుని తాకదు. పట్టు ఇచ్చేది రబ్బరే. గట్టి రబ్బరు మీద ఎన్ని గాట్లు పెట్టినా, మెత్తటి మంచి రబ్బరుతో చేసిన నున్నటి టైరే తడిలో బాగా పట్టుకుంటుంది. మట్టి బాట సంగతి వేరు, అక్కడ టైరు మీది రబ్బరు బటన్లు మట్టిలోకి దిగుతాయి. తారులోకి ఏదీ దిగదు.

మరి జనం పడుతున్నది ఎందుకు? మొదటి జల్లుకి దుమ్మూ ఆయిలూ కలిసి జిగటవుతాయి. తెల్ల గీతలు, ఫ్లైఓవర్ జాయింట్ల ఇనుము, ట్రాక్టర్లు కరకట్ట మీద వదిలిన బురద. నవంబరు, డిసెంబరుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. వీటి మీద ఏ టైరునీ నమ్మొద్దు. ముందే నెమ్మదించి, బ్రేకు వదిలి, సైకిల్ వంచకుండా దాటండి.

రెండో కారణం గాలి. మంగళగిరి నుంచి రోజూ తొక్కుకుంటూ కాలేజీకి వచ్చే లెక్చరర్ గారొకరు తెల్ల గీత మీద పడ్డారు. వేరేచోట గాట్ల టైర్లు వేయించుకున్నారు, మళ్లీ పడ్డారు. ఇంట్లో సైకిల్ అమ్మేయమని గొడవ. టెన్షన్‌గా వచ్చారు పాపం. గేజ్ పెడితే 115 పీఎస్ఐ. "టైరు మీద అంతే రాసుంది కదండీ" అన్నారు. ఆ అంకె హద్దు. దాన్ని దాటొద్దని అర్థం, అంత కొట్టమని కాదు. రాయిలా బిగిసిన టైరు మన రోడ్ల మీద ఎగురుతూ పోతుంది, ఎగిరిన క్షణంలో పట్టు ఉండదు. పాత టైర్లే వేసి గాలి తగ్గించి పంపాను. ఇప్పటికీ వానల్లో అదే సైకిల్ మీద వస్తున్నారు.

ట్యూబ్ టైర్లకి, 70 కిలోల మనిషికి 25 అయితే ముందు 75, వెనక 80-85 చాలు. 28 అయితే ముందు 60-65, వెనక 65-70. వానలో ఇంకో ఐదు తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే గుంతలో రిమ్ము తగిలి ట్యూబు చిట్లుతుంది. హుక్‌లెస్ రిమ్ (టైరుని పట్టుకునే కొక్కెం అంచు లేనిది) అయితే 72.5 దాటనే కూడదు.

వెడల్పు టైరు నెమ్మదిస్తుందంటారు. మన రోడ్ల మీద కాదు. ఫ్రేములో, బ్రేకు కింద చోటుంటే 28కి మారండి. టైరు చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ లేకపోతే బురద ఇరుక్కుంటుంది.

చలికాలం టైర్లు అంటూ ఆన్‌లైన్లో అమ్మేవి మంచు పడే దేశాలకి. మనకి జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు, కొనకండి.

నైట్రోజన్ వద్దు, మామూలు గాలి చాలు. కాకపోతే తొక్కే ముందు ప్రతిసారీ చూసుకోవాలి.

గాలి కొట్టే టైర్లలో పంక్చరే కానిది లేదు. తడిలో రబ్బరు తేలిగ్గా తెగుతుంది, వాన గాజుముక్కల్ని, సర్కారు తుమ్మ ముళ్లని రోడ్డు అంచుకి తోస్తుంది. అంచు వదిలి కాస్త లోపలికి తొక్కండి, ఇంటికొచ్చాక చక్రం తిప్పి చూసి గుచ్చుకున్నవి పీకెయ్యండి.

రెండు టైర్లకీ ఒకేసారి డబ్బు లేకపోతే కొత్తది ముందు చక్రానికి వేయించండి. వెనక జారితే చాలాసార్లు ఆపుకోవచ్చు, ముందు జారితే కష్టం. వెనకది ఎలాగూ త్వరగా అరుగుతుంది. అప్పుడు ముందుది వెనక్కి మార్చి, కొత్తది మళ్లీ ముందుకే వేస్తాం.