మూడేళ్ల నిమ్మ మొక్క నాటితే మూడేళ్లు కలిసిరావు

"అన్నా, మూడేళ్ల మొక్కలు ఉన్నాయా? త్వరగా కాపుకు రావాలి." పొదలకూరు వైపు మా నర్సరీకి వచ్చేవారిలో సగం మంది మొదట అడిగేది ఇదే. లేవంటే ఇంకో చోటికి వెళ్తారు. అక్కడ అమ్ముడుపోక మిగిలిన మొక్కలు నిలువెత్తున ఉంటాయి. రెట్టింపు ధర పెట్టి తెచ్చుకుంటారు.

నిమ్మ మొక్క వయసు పైన కొమ్మల్లో కాదు, కింద వేరులో చూడాలి. కవరులో ఏళ్ల తరబడి ఉంటే తల్లివేరు అడుగుకు తగిలి వంకర తిరుగుతుంది. పక్కవేర్లు కవరు అంచు వెంబడి చుట్టుకుంటాయి. నేలలో పెట్టినా ఆ చుట్టు దానంతట అది విడిపోదు. పైన ఆకు దండిగా, కింద వేరు కొంచెం. మన మే నెల ఎండకు అది ఎలా తట్టుకుంటుంది?

రెండేళ్ల కిందట రాపూరు దగ్గర ఒక తోటకు పిలిచారు. నాటి రెండు వేసవులు దాటినా మొక్కలో ఎదుగుదల లేదు. నీళ్లు చాలలేదని డ్రిప్పు పెంచారు, బలం లేదని యూరియా వేశారు. ఒక మొక్క మొదలు పట్టుకుని కదిపితే వదులు పంటిలా ఊగింది. తవ్వి తీశాం. వేళ్ల ముద్ద ఇంకా కవరు ఆకారంలోనే ఉంది. అడుగున తల్లివేరు చుట్టకుదురులా మూడు చుట్లు తిరిగి ఉంది. ఆ రైతు దాన్ని చేతిలోకి తీసుకుని, "మా అబ్బాయి నీళ్లు సరిగా పెట్టడం లేదని రెండేళ్లుగా తిడుతున్నానయ్యా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

అంటు మొక్క అయితే కట్టిన ఆరు నెలల నుంచి ఏడాది లోపు, గింజ మొక్క అయితే ఏడాది వయసు, పెన్సిలంత మందం చాలు. కొనేముందు ఒక కవరు కోసి చూపించమని అడగండి. చూపించనంటే వెనక్కి వచ్చేయండి.

కవరులోనే పూత, పిందె ఉంటే మంచి మొక్క అంటారు. కాదు. అది ఇరుకులో ఉక్కిరిబిక్కిరవుతున్న మొక్క కావచ్చు. పిందెలు తుంచి నాటండి.

గింజ మొక్క కాయదన్నది వట్టి పుకారు. ఒకే నిమ్మ గింజ నుంచి రెండు మూడు మొలకలు రావడం మీరు చూసే ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం తల్లి పోలికే. కాపు కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. ఏ చెట్టు గింజో మాత్రం తప్పకుండా అడగండి. బాలాజీ, పేట్లూరు సెలక్షన్‌-1 లాంటి రకాలైతే రకం పేరు చెప్పించుకోండి.

అంటు అతుకు మట్టిలోకి వెళ్లేలా లోతుగా నాటితే గాలికి పడదంటారు. పడకపోవచ్చు, బంక తెగులు మాత్రం పట్టుకుంటుంది. అతుకు నేలకు అరడుగు పైనే ఉండాలి.

ముదురు మొక్కలు ఇప్పటికే తెచ్చుకున్నవారు కంగారు పడకండి. నాటే రోజు కవరు పూర్తిగా తీసేసి, అడుగున చుట్టుకున్న వేరును పదునైన కత్తితో కోసేయండి. వేళ్ల ముద్ద పక్కల మూడు నాలుగు చోట్ల నిలువుగా గాట్లు పెట్టండి. వేరు తగ్గింది కాబట్టి పైకొమ్మలు మూడో వంతు కత్తిరించండి. సాయంత్రం నాటి, కర్ర ఊతం కట్టి, వెంటనే పాదు తడపండి.