చంకలో దురదకు మెడికల్ షాపు ట్యూబు

ఎండలు ముదిరితే చాలు, దిల్‌సుఖ్‌నగర్‌లో నా క్లినిక్‌కి వచ్చేవాళ్ల నోట రోజూ ఒకటే మాట. “మేడమ్, ట్యూబు రాస్తే రెండ్రోజుల్లో తగ్గింది, మానేస్తే మళ్లీ వచ్చింది.” సగం పిండిన ఆ ట్యూబు తిప్పి చూస్తే చాలాసార్లు క్లోబెటసాల్ ఉంటుంది. అది గట్టి స్టెరాయిడ్.

అపోహ: దురద తగ్గితే తామర తగ్గినట్టే.

వాస్తవం: కాదు. తామర ఫంగస్ వల్ల వస్తుంది. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణుస్తుందే గానీ ఫంగస్‌ను చంపదు. చర్మానికి దాన్ని అడ్డుకునే శక్తి తగ్గి, ఫంగస్ ఇంకా పాకుతుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి గుర్తుపట్టడం మాకే కష్టమవుతుంది. పైగా చంకలో చర్మం పల్చన. ముంజేతితో పోలిస్తే స్టెరాయిడ్ అక్కడ 3.6 రెట్లు ఎక్కువగా ఇంకుతుందని కొలిచి చూశారు. నెలల తరబడి రాస్తే చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా “అన్నా, దురదకు ఏదైనా ఇవ్వు” అంటే చేతిలో పెట్టేస్తున్నారు.

మా అమ్మే ఆరు నెలలు అలా రాసుకుంది. “చంక చూపించడానికి సిగ్గేసిందే” అంది. కూతురు స్కిన్ డాక్టరు, అయినా సిగ్గు. అందుకే ఆలస్యంగా వచ్చినవాళ్లను నేను కోప్పడను.

సరైన యాంటీఫంగల్ క్రీమును మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు ఆపకూడదు. బాగా పాకితే మాత్రలూ కావాలి. తువ్వాలు ఎవరిది వాళ్లదే. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడాలి. స్టెరాయిడ్ మానగానే కొన్నాళ్లు దురద ఎక్కువవుతుంది, టెన్షన్ పడి మళ్లీ ఆ ట్యూబు పట్టుకోవద్దు.

అపోహ: చంకలో మచ్చ అంటే తామరే.

వాస్తవం: దురద పెద్దగా లేని గోధుమరంగు మచ్చ ఎరిత్రాస్మా కావచ్చు. అది బ్యాక్టీరియా పని. వుడ్స్ ల్యాంప్ (చర్మాన్ని పరీక్షించే అతినీల కాంతి దీపం) కింద పగడం రంగులో మెరుస్తుంది, మందు కూడా వేరు.

అపోహ: నలుపంతా మురికి.

వాస్తవం: ముఖమల్‌లా మందంగా నల్లబడితే నిమ్మకాయతో రుద్దకండి, షుగర్ పరీక్ష చేయించుకోండి.

అపోహ: గడ్డలు ఒంట్లో వేడి వల్ల.

వాస్తవం: అదే చోట మళ్లీ మళ్లీ వచ్చి చీము కారితే అది హైడ్రాడినైటిస్ అనే చర్మ జబ్బు కావచ్చు. అంటుకోదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. పిండకుండా త్వరగా చూపించండి.

వచ్చేటప్పుడు పాత ట్యూబులన్నీ తెచ్చుకోండి, ఖాళీవైనా సరే. ఏం రాశారో తెలిస్తేనే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుస్తుంది.