జిరాక్స్ మెషిన్ నుంచి స్టాండప్ మీటింగ్ దాకా

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రోజూ కాసేపు నిలబడే జరుపుకునే స్టాండప్ మీటింగ్ మీద తరచూ వినిపించే సణుగుడు ఒకటుంది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగింది... ఈ మూడు ప్రశ్నలూ హాజరు వేసినట్టే ఉంటాయని. చిన్న టీము తన పనిని కొద్ది వారాల విడతలుగా చేసుకుంటూ పోయే స్క్రమ్ అనే పద్ధతిలో ఈ మీటింగ్ ఒక భాగం. ఆ పద్ధతికి మూలం మాత్రం సాఫ్ట్‌వేర్ కాదు.

హిరొటాకా తకేయుచి, ఇకుజిరో నొనాకా అనే ఇద్దరు జపాన్ ప్రొఫెసర్లు 1986లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. కొత్త వస్తువుల్ని కంపెనీలు త్వరగా ఎలా తయారు చేస్తున్నాయన్నది విషయం. పెద్ద కంపెనీల్లో అప్పటిదాకా నడిచింది నాసా తరహా దశల పద్ధతి. ఒక విభాగం పని పూర్తిగా ముగిస్తేగానీ తర్వాతి విభాగం చేతికి వచ్చేది కాదు, మధ్యలో ఎక్కడ ఇరుక్కున్నా అంతా ఆగిపోయేది. ఫుజీ-జిరాక్స్ తన ఎఫ్ఎక్స్-3500 మెషిన్‌కి ఆ దశల్ని తగ్గించి, ఒకటి పూర్తికాకముందే రెండోది మొదలయ్యేలా చేసింది. పళ్ళెంలో పచ్చి చేప ముక్కల్ని ఒకదాని అంచు మీద ఒకటి పేరుస్తారు కదా, అలాగన్నమాట. అందుకే అక్కడ దాన్ని సాషిమి పద్ధతి అన్నారు.

హోండా సిటీ కారు కథ ఇంకా బాగుంటుంది. టీమ్ సగటు వయసు 27. కుర్రకారు నడపాలనుకునే కారు చేయమన్నారు పైవాళ్ళు, ఎలాగో చెప్పలేదు. పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్న విచిత్రమైన కారు బయటికొచ్చింది. ఇలాంటి టీముల రోజువారీ పనిలో పై అధికారులు దాదాపు తలదూర్చరని ఆ వ్యాసమే చెబుతుంది.

ఆ కాలంలో వేరే ఆలోచనలూ నడిచాయి. ప్రతి దశ చివరా ప్రాజెక్టును కొనసాగించాలా, ఆపేయాలా అని తేల్చే గేట్ల పద్ధతిని కెనడాలో రాబర్ట్ కూపర్ ప్రచారంలోకి తెచ్చాడు. దానికీ చాలా కంపెనీల్లో గిరాకీ ఉంది.

సాఫ్ట్‌వేర్‌లోకి స్క్రమ్‌ను తెచ్చింది జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్. రగ్బీ ఆట నుంచి జపాన్ ప్రొఫెసర్లు తీసుకున్న పోలికనే వీళ్ళు పేరుగా పెట్టుకున్నారు. 1993లో సదర్లాండ్ ఈజెల్ అనే కంపెనీలో వాడి చూశాడు, 1995లో ఇద్దరూ కలిసి ఒక సదస్సులో వివరించారు. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని, మార్పులకు తగ్గట్టు పనిచేయాలనే అజైల్ ప్రకటన రాశాక స్క్రమ్ ఊపందుకుంది. అమెరికా క్లయింట్లు మారితే ఇక్కడి టీములూ మారక తప్పదు. అన్నట్టు, ఆ మూడు ప్రశ్నల్నీ 2020లో ఈ పద్ధతి నియమాల పుస్తకమైన స్క్రమ్ గైడ్ నుంచి తీసేశారు. చాలా ఆఫీసులకు ఆ కబురు అందినట్టు లేదు.

నా దృష్టిలో అసలు నష్టం వేరే చోట జరిగింది. తమ పద్ధతి అన్నిటికీ పనికిరాదని, విమానాల్లాంటి భారీ ప్రాజెక్టులకు నప్పకపోవచ్చని ఆ ప్రొఫెసర్లు వ్యాసం చివర్లో ఒప్పుకున్నారు. అందరూ విపరీతంగా కష్టపడాల్సి వస్తుందనీ రాశారు: పని ఉధృతంగా ఉన్నప్పుడు నెలకు 100 గంటలు, మిగతా రోజుల్లో 60 గంటలు ఓవర్‌టైమ్ చేసినవాళ్ళున్నారట. స్క్రమ్ ట్రైనింగ్ స్లైడ్లలో ఆ పేరా నాకైతే ఎక్కడా కనపడలేదు.