చెరువు నీళ్ళు: అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో చెరువు నీళ్ళు పాడవకుండా ప్లాన్లు వేయడం నా పని. ఏ ఊరి మీటింగులో కూర్చున్నా దాదాపు ఇవే మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: గుర్రపుడెక్క తీయించేస్తే చెరువు బాగుపడిపోతుంది.

వాస్తవం: జేసీబీ పెట్టి తీయిస్తారు, ఫొటోలు దిగుతారు, కొన్నాళ్ళకే మళ్ళీ పచ్చగా పరుచుకుంటుంది. నీళ్ళలో నత్రజని, భాస్వరం దండిగా ఉండబట్టే కదా అది అంత జోరుగా పెరిగేది! పైగా తీసిన డెక్కను గట్టు మీదే కుప్ప పోస్తారు. అది కుళ్ళి, వాన పడగానే ఆ సారమంతా కారి చెరువులోకే దిగుతుంది. తీయొద్దని అనను. తీస్తే మాత్రం అదే రోజు ట్రాక్టర్‌కెత్తి దూరంగా కంపోస్టు గుంతలో వేయండి.

అపోహ: కాలుష్యమంటే ఫ్యాక్టరీలదే. మా పొలాల నుంచి ఏం వస్తుంది?

వాస్తవం: మన చెరువుల్లో చాలావాటికి ఎగువన ఫ్యాక్టరీయే ఉండదు. మొక్కజొన్న చేలు, జీడితోటలు, పశువుల శాలలు, ఇళ్ళ మురుగు, అంతే. డీఏపీ ఎరువు బస్తా మీద 18-46 అని ఉంటుంది చూడండి, అందులో 46 భాస్వరం లెక్క. పొలంలో వేశాక భాస్వరం చాలావరకు మట్టి రేణువులకు అంటుకుపోతుంది. మట్టి ఎటు కొట్టుకుపోతే అదీ అటే. యూరియా నుంచి తయారయ్యే నైట్రేట్ మాత్రం నీళ్ళలో కరిగి బావుల్లోకీ దిగుతుంది.

తొలకరిలో మొదటి పెద్ద వానకు, గెడ్డ (వాగు) చెరువులో కలిసే చోట ఒక సీసా నీళ్ళు పట్టి చూడండి. ఎర్రగా ఉంటాయి. రాత్రంతా కదపకుండా ఉంచితే ఇసుక, ముతక మట్టి అడుగుకు చేరతాయి, పైన నీళ్ళు మాత్రం ఇంకా మబ్బుగానే ఉంటాయి. ఆ తేరుకోని సన్నటి బంకమట్టే భాస్వరాన్ని ఎక్కువగా మోసుకొచ్చేది. నాలుగు వానలు పడ్డాక అదే గెడ్డలో నీళ్ళు చాలా మేలు. అందుకే వీలు చూసుకుని ఏడాదికోసారి తీసిన శాంపిల్‌తో వేసిన ప్లాన్ మీద నాకు నమ్మకం లేదు.

వాలుకు అడ్డంగా దున్నడం, గెడ్డకు రెండు పక్కలా గడ్డి, వట్టివేరు పట్టీ వదలడం, వాన వచ్చేలా ఉంటే ఎరువు చల్లకపోవడం... పెద్ద ఖర్చేమీ కాదు. కానీ గెడ్డ పక్క నాలుగు అడుగులు వదలమంటే గొడవే. రైతును తప్పుపట్టలేను. ఒక్క పంటకు కౌలుకు తీసుకున్నవాడు పరాయి భూమికి గట్టు ఎందుకు వేస్తాడు? ఆ మాట భూమి యజమానితో మాట్లాడాలి.

అపోహ: చేపలు చచ్చి తేలాయంటే ఎవరో మందు కలిపారు.

వాస్తవం: అలా జరగదని కాదు. కానీ ఎవరినైనా అనుమానించే ముందు, చేపలు ఎప్పుడు తేలాయో అడగండి. చెరువులో పాచి ఎక్కువైతే పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తానే పీల్చేస్తుంది. మబ్బు పట్టిన రోజుల తర్వాత తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే గాలి అందకే ఎక్కువగా.

అపోహ: నీళ్ళు తేటగా ఉన్నాయి, తాగొచ్చు.

వాస్తవం: నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

అపోహ: ప్లాన్ మన పంచాయతీ హద్దు వరకు వేస్తే చాలు.

వాస్తవం: తాటిపూడి రిజర్వాయరునే తీసుకోండి. దానికి నీళ్ళిచ్చే గోస్తని నది పుట్టిన అనంతగిరి కొండలు ఇప్పుడు అల్లూరి జిల్లాలో ఉన్నాయి. ఆనకట్ట విజయనగరం జిల్లాలో ఉంది. ఆ నీళ్ళు విశాఖ నగరం తాగుతోంది. మీ ఊరి చెరువుదీ చిన్న ఎత్తున ఇదే కథ. మ్యాప్ మీద ముందు గెడ్డలు గీయండి. అవి ఏ ఊళ్ళ మీదుగా వస్తున్నాయో ఆ ఊళ్ళవాళ్ళను మొదటి మీటింగుకే పిలవండి. ఆఖరి మీటింగుకు పిలిస్తే సంతకాల కోసం పిలిచారనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు.