డంకర్క్ తరలింపు: అపోహలు - వాస్తవాలు

ఓడల్లో పనిచేసి, ఇప్పుడు నావిక విద్యార్థులకు ఓడ నింపడం, దించడం గురించి పాఠాలు చెబుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ రేవు దగ్గర జర్మన్ సేనల మధ్య చిక్కుకున్న బ్రిటిష్, ఫ్రెంచి తదితర సైనికులను సముద్రం మీదుగా ఇంగ్లండ్‌కు తరలించారు. ఆ మాట వస్తే చాలు, తరగతి మొత్తం చిన్న పడవల గురించే మాట్లాడుతుంది. ఓడను ఆనించే చోటు గురించి ఎవరూ అడగరు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

అపోహ: చేపల పడవలు, విహార పడవలే సైనికులను ఇంగ్లండ్ చేర్చాయి.

వాస్తవం: మే 26 నుంచి జూన్ 4 వరకు సాగిన ‘ఆపరేషన్ డైనమో’లో 3,38,226 మందిని తరలించారు. వారిలో దాదాపు 2,39,000 మంది రేవులోనే ఓడ ఎక్కారు. ఇసుక తీరం నుంచి ఎక్కినవారు లక్షలోపే. తీరంలో లోతు లేదు కాబట్టి పెద్ద ఓడ దూరంగా ఆగాలి, పడవలు విడతలవారీగా మనుషులను చేరవేయాలి. ఆ పద్ధతిలో ఒక ఓడ నిండడానికి గంటలు పట్టేది. నెత్తిన బాంబర్లు తిరుగుతుంటే కదలని ఓడ సంగతి చెప్పనక్కర్లేదు.

రేవులోని డాక్‌లు బాంబులకు ధ్వంసమయ్యాయి. మే 27 రాత్రి, అక్కడ ఓడ ఎక్కించే పనిని చూస్తున్న బ్రిటిష్ నౌకాదళ అధికారి కెప్టెన్ విలియం టెనెంట్ ‘క్వీన్ ఆఫ్ ది చానెల్’ అనే ఓడను తూర్పు బ్రేక్‌వాటర్‌కు ఆనించి చూశాడు. అది అలలను ఆపడానికి కట్టినదే తప్ప ఓడలు ఆగడానికి కాదు. సముద్రంలోకి కిలోమీటరుకు పైగా పొడవు, పైన ఇరుకైన చెక్కల దారి. ఆటుపోట్ల తేడా దాదాపు అయిదు మీటర్లు. ఆటు సమయంలో డెక్ బాగా కిందికి పోతుంది, నిచ్చెనలు వేసుకుని దిగాలి. నిద్రలేక తూలుతున్న మనిషి, భుజాన తుపాకీతో, చీకట్లో ఆ నిచ్చెన దిగడం ఊహించండి! అక్కడ వరుసలు నడిపిన కెనడా అధికారి జేమ్స్ క్లౌస్టన్ జూన్ 3న ప్రాణాలు కోల్పోయాడు. నన్నడిగితే, ఆ రోజుల్లో తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ టెనెంట్‌దే గొప్పది.

పడవలు అక్కరకు రాలేదని కాదు. అవి లేకపోతే తీరంలోని దాదాపు లక్షమంది గతి ఏమయ్యేది? అయితే చాలావాటిని నడిపింది యజమానులు కాదు, నౌకాదళ సిబ్బంది. టైటానిక్ నుంచి బయటపడిన అధికారి లైటోలర్ మాత్రం తన పడవను తానే నడుపుకుంటూ వెళ్లి దాదాపు 130 మందిని తెచ్చాడు.

అపోహ: చిక్కుకున్న సైనికులను హిట్లర్ కావాలనే వదిలేశాడు.

వాస్తవం: మే 24న జర్మన్ ట్యాంకులను ఆపమన్నది నిజం. వాటిని ముందున్న పోరుకు దాచుకోవాలని సేనాని రుండ్‌స్టెట్ భావించాడు, విమానాలతోనే పని ముగిస్తానని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ హామీ ఇచ్చాడు. మే 26న ఆ ఆజ్ఞ ఎత్తేశారు. వదిలేయదలచినవాళ్లు 200కు పైగా ఓడలు, పడవలు మునిగేలా విరుచుకుపడతారా?

అపోహ: బ్రిటిష్ విమానాలు రాలేదు.

వాస్తవం: వచ్చాయి, వందకు పైగా కూలాయి. చాలా పోరాటాలు తీరానికి దూరంగా, ఎత్తున జరగడంతో కింద ఉన్నవారికి కనిపించలేదు.

అపోహ: అందరూ బయటపడ్డారు, అక్కడితో తరలింపులు ముగిశాయి.

వాస్తవం: చివరిదాకా శత్రువును అడ్డుకున్న ఫ్రెంచి దళాల్లో సుమారు 35,000 మంది బందీలయ్యారు. కంచరగాడిదలతో ఫ్రాన్స్ వెళ్లిన భారతీయ సైనిక కంపెనీల్లో (దళాల్లో) కొన్ని జంతువులను వదిలేసి ఓడ ఎక్కాయి, ఒక కంపెనీ ఫ్రాన్స్‌లోనే జర్మన్లకు చిక్కింది. దాదాపు 64,000 వాహనాలు, 2,500 ఫిరంగులు కూడా అక్కడే మిగిలాయి. ఇక జూన్‌లో పశ్చిమ ఫ్రాన్స్ రేవుల నుంచి మరో పెద్ద తరలింపు జరిగింది. జూన్ 17న సాన్ నజేర్ దగ్గర ‘లాంకాస్ట్రియా’ అనే ఓడ మునిగి వేలమంది చనిపోయింది అందులోనే.