ఐడియా చెబితే కొట్టేస్తారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఎవరికైనా కొత్త యంత్రం ఆలోచన వస్తే దానికి మొదటి నమూనా చేసివ్వడం మా పని. రొయ్యల గుంటల్లో మేత చల్లేవి, నిమ్మకాయలు సైజులవారీగా వేరుచేసేవి, పొగాకు బ్యారన్‌లో వేడి చూసేవి, ఇలాంటివి. ఉదయగిరి, కందుకూరు, ఒంగోలు నుంచి కూడా వస్తుంటారు. ఎక్కువమంది ముందు ఫోన్ చేసి, "అన్నా, ఒక ఐడియా ఉంది, ఫోన్లో చెప్పలేను" అంటారు. ఎదురుగా కూర్చున్నాక కూడా సగమే చెబుతారు. కొలతలు ఇస్తారు, అది దేనికో మాత్రం చెప్పరు. దేనికో తెలియకపోతే ఏ మోటారు పెట్టాలి, ఏ ఇనుము వాడాలి? రోజూ ఇదే మాట చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఒకసారి రాసిపెడుతున్నాను.

అపోహ: ఐడియా ఎవరికీ చెప్పకూడదు. ముందు పేటెంట్, ఆ తర్వాతే మాట.

మన కుర్రాళ్ల డబ్బు, ఏళ్లు ఎక్కువగా పోయేది దీనివల్లే. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. ఇంట్లో అందరూ ఉద్యోగం చూసుకోమంటుంటే, ఉన్న ఒక్క ఆశనూ ఎవరో ఎత్తుకుపోతారేమో అని నిద్రపట్టని మనిషి బాధ నాకు తెలుసు. కానీ ఆ భయం వాళ్లను కాపాడటం లేదు.

ముందు చట్టం సంగతి. ఉత్త ఆలోచనకు పేటెంట్ రాదు. అది కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో వాడుకోదగ్గదై ఉండాలి, ఎలా పనిచేస్తుందో రాసి చూపించాలి. జాగ్రత్త అవసరమే. దరఖాస్తు పెట్టకముందే యూట్యూబ్‌లోనో వాట్సాప్ గ్రూపుల్లోనో వీడియో పెడితే కొత్తదనం పోయినట్టే లెక్క, మీ సొంత వీడియోనే మీకు అడ్డం పడుతుంది. కానీ గోప్యంగా ఉంచుతామని రాసిచ్చిన ఇద్దరు ముగ్గురికి చూపించడం బహిరంగం చేయడం కిందికి రాదు. దానికి స్టాంపు పేపరు మీద ఒక పేజీ ఒప్పందం చాలు. అప్పటికీ టెన్షన్ తగ్గకపోతే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు పెట్టుకోండి. ఆ తేదీ నుంచి పూర్తి దరఖాస్తు వేయడానికి 12 నెలల సమయం ఉంటుంది. ఆ 12 నెలలూ బీరువాలో దాచుకోవడానికి కాదు, వాడేవాళ్ల చేతిలో పెట్టి చూసుకోవడానికి.

ఇందుకూరుపేట వైపు కుర్రాడొకడు, బీటెక్ చదివినవాడు, రొయ్యల మేత చల్లే యంత్రం చేశాడు. మిద్దె మీద, టార్పాలిన్ కప్పి. నగరంలో ఒక ఏజెంటుకు బాగానే డబ్బు కట్టి దరఖాస్తు కూడా పెట్టించాడు. నా దగ్గరికి వచ్చింది ఆ తర్వాత, ఇంకో నాలుగు చేయించుకోవడానికి. లోపల స్క్రూ తిరుగుతూ మేతను ముందుకు నెడుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంది.

"గుంట మీద మేత చల్లే మనిషికి చూపించావా?" అని అడిగాను.

"ఎలా చూపిస్తానన్నా? ఆయన పక్క గుంటల్లో కూడా చేస్తాడు" అన్నాడు.

బతిమాలి గుంట మీదికి తీసుకెళ్లాను. ఆ పెద్దాయన యంత్రం నోటి కింద దోసిలి పెట్టి, పడిన మేతను వేళ్లతో కదిపి చూపించాడు. గుళికల్లో సగం పొడైపోయింది. "ఈ పొడి రొయ్య తినదబ్బాయా. అడుక్కి పోయి కుళ్లిపోద్ది, నీళ్లు పాడైపోతాయి" అన్నాడు. తర్వాత పైన మేత పోసే తొట్టి వైపు చూసి, "పాతిక కిలోల బస్తా అంత ఎత్తుకి ఎవురెత్తాల?" అని అడిగాడు. అంతే, పది నిమిషాలు కూడా పట్టలేదు.

మేత నలగకుండా స్క్రూ తీసేశాం. తన బరువుకు తానే జారి, కింద తిరిగే పళ్లెం మీద పడి, చుట్టూ చిమ్మేలా మార్చాం. తొట్టి నడుము ఎత్తుకు దించాం. ఉప్పుగాలికి మామూలు ఇనుము తుప్పు పడుతుందని ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టాం. ఇప్పుడది వాళ్ల గుంటల్లో తిరుగుతోంది. ఆ కుర్రాడు డబ్బు కట్టి పెట్టించిన దరఖాస్తులో ఉన్నదంతా మాత్రం ఆ స్క్రూ గురించే.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటే. అమ్ముడుపోతున్న వస్తువును కాపీ కొట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నోట్‌బుక్‌లో గీసుకున్న బొమ్మ కోసం ఎవరూ కాపు కాయరు. దాన్ని వస్తువుగా మార్చడంలో ఉన్న చాకిరీ ఎవరికీ అక్కర్లేదు. చీర నేయడానికి ముందు నూలును పోసే ఆసు పనికి యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారిని చూడండి. ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి వాళ్లమ్మ పడే నొప్పిని ఇంట్లోనే చూసి 1992లో మొదలుపెట్టారు. యంత్రం పూర్తిగా కుదిరింది 1999లో. పేటెంట్ వచ్చింది 2011లో. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పనిలో ఎక్కడ నొప్పి పుడుతుందో ఆయనకు తెలుసు. మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను అడగాలి, అడగాలంటే నోరు విప్పాలి.

అపోహ: ప్రపంచమంతటికీ ఒకే పేటెంట్ ఉంటుంది.

లేదు. ఎవరైనా ఫోన్ చేసి "వరల్డ్ పేటెంట్ ఇప్పిస్తాం" అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. పీసీటీ అనే అంతర్జాతీయ దరఖాస్తు ఉంది కానీ, దానివల్ల మీకు వచ్చేది అదనపు సమయమే. ఆ తర్వాత కావాల్సిన ప్రతి దేశంలోనూ విడిగా దరఖాస్తు పెట్టి, విడిగా ఫీజు కట్టాల్సిందే.

అపోహ: దరఖాస్తు నంబరు వచ్చిందంటే పేటెంట్ వచ్చినట్టే.

ఆ నంబరు రసీదు లాంటిది. సాధారణంగా 18 నెలలకు దరఖాస్తు ప్రచురిస్తారు. పేటెంట్ ఇవ్వొచ్చో లేదో ఆఫీసువాళ్లు చూసే పరిశీలన కోసం విడిగా అర్జీ పెట్టాలి, 2024లో మారిన నిబంధనల ప్రకారం మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోపు. ఆ అర్జీ పెట్టకుండా వదిలేసి, నంబరును ఫ్రేమ్ కట్టించుకున్నవాళ్లను చూశాను. ఏజెంటు ఆ మాట చెప్పనే లేదట. పేటెంట్ మంజూరయ్యాక దాని ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, అదీ రెన్యువల్ ఫీజులు కడుతుంటేనే.

అపోహ: ఇలాంటిది ఇప్పటికే ఉంది కాబట్టి వదిలేయాలి.

ఉంటే మంచిదే, ఎక్కడ పనికిరావడం లేదో చూడండి. చక్రమూ పాతదే, సూట్‌కేసూ పాతదే. అయినా సూట్‌కేసుకు చక్రాలు పెట్టినందుకు బెర్నార్డ్ శాడోకు 1972లో అమెరికా పేటెంట్ వచ్చింది. దాన్ని పట్టీతో లాగాలి, పక్కకు ఒరిగేది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ పెట్టెను నిలబెట్టి రెండు చక్రాలు, పొడుగాటి పిడి పెట్టాడు. ఇప్పుడు మనం లాక్కెళ్లేది ఆ రకమే.

పొదలకూరు వైపు నిమ్మకాయల యంత్రం కూడా అంతే. వాలుగా రెండు పీవీసీ పైపులు, పైన సందు తక్కువ, కిందికి పోయేకొద్దీ ఎక్కువ. చిన్నకాయ ముందు పడుతుంది, పెద్దకాయ చివర. రంగు, మచ్చ కూడా యంత్రమే చూడాలని కుర్రాడు కెమెరా పెడతానన్నాడు. కాయలు ఏరే ఆడవాళ్లు వద్దన్నారు. "మచ్చ మేం చూస్తాం, సైజు దగ్గరే చేతులు పడిపోతున్నాయి" అన్నారు. కెమెరా ఖర్చంతా మిగిలింది.

అపోహ: పేటెంట్‌కు లక్షలు కావాలి.

ఆన్‌లైన్‌లో సొంతపేరున పెడితే ప్రస్తుతం దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరిశీలన ఫీజు 4,000. పేజీలు ఎక్కువైతే కొంత అదనం, రాసిపెట్టే ఏజెంటు ఫీజు వేరు. మన దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. పెద్ద చదువుల్లేని గ్రామీణ ఆవిష్కర్తలైతే, అలాంటివాళ్లకు సాయపడే గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌కు, హైదరాబాద్‌లోని పల్లెసృజనకు రాయండి. ఎవరికైనా డబ్బు కట్టే ముందు గూగుల్ పేటెంట్స్‌లో మీ యంత్రం లాంటివి ఏమున్నాయో వెతకండి, అది ఉచితం. ఇప్పటికే కట్టేసినవాళ్లు మీ నంబరును ప్రభుత్వ పేటెంట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోండి. పరిశీలన అర్జీ పడిందో లేదో అక్కడే తెలుస్తుంది. పడకపోతే గడువు ఎంత మిగిలిందో లెక్కేసుకుని, ఈ వారమే ఏజెంటును అడగండి.